సూది గుచ్చకముందే చూసే కన్ను

ప్రోస్టేట్‌ క్యాన్సర్‌ను పసిగట్టడంలో యంత్రాలు రేడియాలజిస్టులకు దీటుగా నిలుస్తున్నాయి. అయితే ఎన్ని క్యాన్సర్లు పట్టాయన్నది ఒక్కటే లెక్క కాదు. ఎంతమందిని అనవసరపు సూదుల నుంచి, ఆపరేషన్ల నుంచి తప్పించాయన్నది అంతకన్నా పెద్ద లెక్క.

నాలుగు వందల ఎమ్మారై స్కాన్లు. వాటిని చదవడానికి ఒక పక్క 20 దేశాలకు చెందిన 62 మంది రేడియాలజిస్టులు. ప్రోస్టేట్‌ స్కాన్లు చూడటంలో ఏడేళ్లు అటూఇటూగా చేయి తిరిగినవాళ్లు. ఇంకోపక్క ఒక కంప్యూటర్‌ ప్రోగ్రాం. నెదర్లాండ్స్‌లోని నైమేఖెన్‌ నగరంలో ఉన్న రాడ్‌బౌడ్‌ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం నడిపిన ఈ పరీక్షకు ‘పై-కాయ్‌’ అని పేరు. ఫలితాలు 2024 జూన్‌లో ‘లాన్సెట్‌ ఆంకాలజీ’ పత్రికలో వచ్చాయి. ముప్పున్న క్యాన్సర్‌ ఉన్న ఒకరి స్కాన్‌నూ లేని ఒకరి స్కాన్‌నూ పక్కపక్కన పెట్టి ‘వీళ్లిద్దరిలో ఎవరిని అనుమానించాలి?’ అని అడిగితే, యంత్రం నూటికి 91 సార్లు సరిగ్గా చెప్పగలదని తేలింది. రేడియాలజిస్టులకు వచ్చిన మార్కులు 86.

‘డాక్టర్లను ఓడించిన ఏఐ’ అని రాయడానికి ఇది చాలు. కానీ అదే అధ్యయనంలో నన్ను నిలబెట్టేసిన అంకె వేరే ఉంది. డాక్టర్లు పట్టుకున్నన్ని క్యాన్సర్లే పట్టుకుంటూ, లేనిచోట ఉందనే తప్పుడు అనుమానాలను యంత్రం సగానికి తగ్గించింది. అపాయం లేని చిన్నాచితకా క్యాన్సర్లను బయటికి లాగడం కూడా అయిదో వంతు తగ్గింది. క్యాన్సర్‌ను బయటికి లాగకపోవడం మంచిదెలా అవుతుంది? ప్రోస్టేట్‌ విషయంలో అవుతుంది. ఈ జబ్బును అర్థం చేసుకోవడానికి పట్టుకోవాల్సిన కొస అదే.

మాట ఆగిపోయేది అక్కడే

ఇంట్లో పెద్దాయన రాత్రిళ్లు మూత్రానికి నాలుగైదుసార్లు లేస్తున్నారని ముందుగా గమనించేది అమ్మ. ‘వయసు మీదపడింది, మామూలే’ అని ఆయన దాటేస్తారు. అడగడానికి కొడుక్కి మొహమాటం, చెప్పడానికి తండ్రికి సిగ్గు.

మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉసిరికాయంత ఉండే గ్రంథి ప్రోస్టేట్‌. వీర్యంలోని ద్రవంలో కొంత భాగం తయారయ్యేది ఇందులోనే. వయసుతో పాటు అది పెరుగుతుంది. అప్పుడు నాళం నొక్కుకుపోయి ధార సన్నబడుతుంది, మాటిమాటికీ వెళ్లాలనిపిస్తుంది. ఈ ఇబ్బందులు ఎక్కువమందిలో మామూలు పెరుగుదల వల్ల వచ్చేవే. క్యాన్సర్‌ తొలిదశలో చాలావరకు ఏ గుర్తూ చూపించదు. ఎముకలకు పాకాక నడుంనొప్పితోనో తుంటినొప్పితోనో ఎముకల డాక్టర్‌ దగ్గరికి వెళితే, అక్కడ బయటపడే కేసులు మన దగ్గర కొత్తేమీ కాదు.

2022లో ప్రపంచవ్యాప్తంగా 14 లక్షల 60 వేలకు పైగా పురుషుల్లో ఈ క్యాన్సర్‌ బయటపడింది. దాదాపు 4 లక్షల మంది చనిపోయారు. భారత్‌లో కొత్త కేసులు ఏడాదికి 38 వేల దాకా ఉంటాయని అంచనా. 2040 నాటికి ప్రపంచంలో ఏటా 29 లక్షల కేసులు రావచ్చనీ, పెరుగుదల ఎక్కువగా మనలాంటి దేశాల్లోనే ఉంటుందనీ 2024లో లాన్సెట్‌ నిపుణుల సంఘం హెచ్చరించింది. ఆయుర్దాయం పెరుగుతున్నకొద్దీ ఈ జబ్బూ పెరుగుతుంది.

పీఎస్‌ఏ పెట్టిన చిక్కు

అనుమానం మొదలయ్యేది రక్తపరీక్షతో. పీఎస్‌ఏ అనేది ప్రోస్టేట్‌ కణాలు తయారుచేసే ఒక ప్రొటీన్‌. చికిత్స తీసుకున్నవాళ్లలో జబ్బు తిరగబెట్టిందేమో చూడటానికి 1986లో, కొత్తగా గుర్తించడంలో సాయానికి 1994లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని అనుమతించింది. మిల్లీలీటరు రక్తంలో 4 నానోగ్రాములు దాటితే అనుమానించాలన్నది చాలాకాలం నడిచిన లెక్క.

ఈ ప్రొటీన్‌ను క్యాన్సర్‌ కణాలతో పాటు ఆరోగ్యంగా ఉన్న కణాలూ తయారుచేస్తాయి. గ్రంథి పెరిగినా, మూత్రంలో ఇన్ఫెక్షన్‌ ఉన్నా, క్యాథెటర్‌ వేసినా అంకె ఎగబాకుతుంది. అటువైపు, గ్రంథి వాపు తగ్గడానికి ఫినాస్టరైడ్‌, డ్యుటాస్టరైడ్‌ మాత్రలు వాడేవాళ్లలో కొన్నాళ్లకు అది సగానికి పడిపోతుంది. రిపోర్టులో 3 అని ఉన్నా అసలు విలువ 6 అన్నమాట. ఈ మాత్రలు వేసుకునేవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు చెప్పకపోతే రిపోర్టు చూసి మోసపోయినట్టే. 1970లో ప్రోస్టేట్‌కు సంబంధించిన యాంటిజెన్‌ను గుర్తించిన రిచర్డ్‌ ఆబ్లిన్‌ స్వయంగా, ఈ పరీక్షను అందరికీ చేసేయడం ఖరీదైన విపత్తుగా మారిందంటూ 2010లో అమెరికా పత్రికలో రాశారు.

పరీక్ష లోపం ఒక ఎత్తు. ఈ జబ్బు స్వభావం ఇంకో ఎత్తు. వేరే కారణాలతో చనిపోయినవాళ్ల ప్రోస్టేట్‌లను కోసి చూసిన అధ్యయనాలను కలిపి లెక్కిస్తే, 79 ఏళ్లు దాటినవాళ్లలో సగానికి పైగా మందిలో క్యాన్సర్‌ కణాలు కనిపించాయి. బతికున్నన్నాళ్లూ వాళ్లకు ఆ సంగతే తెలియదు, దానివల్ల పోనూలేదు. బ్రిటన్‌లో ‘ప్రొటెక్ట్‌’ అనే అధ్యయనం గ్రంథి దాటని క్యాన్సర్‌ ఉన్న 1,643 మందిని మూడు జట్లుగా విడదీసింది. కొందరికి ఆపరేషన్‌, కొందరికి రేడియేషన్‌, కొందరికి చికిత్స లేకుండా కనిపెట్టుకుని ఉండటం. పదిహేనేళ్లు గడిచాక చూస్తే ప్రోస్టేట్‌ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు మూడు జట్లలోనూ నూటికి ముగ్గురి లోపో, కాస్త అటూఇటూగానో ఉన్నారు. ఆపరేషన్‌ చేయించుకున్నవాళ్లలో మాత్రం మూత్రం ఆపుకోలేకపోవడం, దాంపత్య జీవితం దెబ్బతినడం ఎక్కువ.

అలాగని ఇదంతా సాధుజబ్బు అనుకుంటే ప్రాణం మీదికొస్తుంది. 2025 మేలో అమెరికా మాజీ అధ్యక్షుడు జో బైడెన్‌కు బయటపడిన క్యాన్సర్‌ అప్పటికే ఎముకలకు పాకింది. యూరప్‌ దేశాల్లో 23 ఏళ్లు సాగిన అతిపెద్ద అధ్యయనంలో, పీఎస్‌ఏ పరీక్షలకు పిలిచినవాళ్లలో ఈ జబ్బుతో మరణాలు 13 శాతం తక్కువగా తేలాయి. అంటే వెతకాలి. వెతికి, చంపేదేదో చంపనిదేదో విడదీసి చెప్పాలి. రక్తపరీక్ష ఒక్కటే చేయలేని పని అది.

గుడ్డిగా పన్నెండు సూదులు

పీఎస్‌ఏ పెరిగితే నేరుగా బయాప్సీ చేయడమే కొన్ని దశాబ్దాలు నడిచిన పద్ధతి. మలద్వారంలోంచి అల్ట్రాసౌండ్‌ గొట్టం పెట్టి, దాని పక్కనుంచి సూదితో గ్రంథిలో పది పన్నెండు చోట్ల ముక్కలు తీస్తారు. అల్ట్రాసౌండ్‌లో గ్రంథి ఆకారం కనిపిస్తుందిగానీ గడ్డ చాలాసార్లు కనిపించదు. అందుకే ఒక క్రమంలో అన్నివైపులా గుచ్చుకుంటూ పోతారు. గడ్డ ఉన్నచోట సూది పడితే పడినట్టు, లేకపోతే లేదు.

ఈ పద్ధతి ఎంత నమ్మదగిందో బ్రిటన్‌లోని ‘ప్రామిస్‌’ అధ్యయనం 2017లో కుండబద్దలు కొట్టింది. 576 మందికి ముందు ఎమ్మారై తీశారు, తర్వాత మామూలు బయాప్సీ చేశారు, ఆ రెండింటినీ సరిచూడటానికి మత్తు ఇచ్చి గ్రంథి అంతటా అయిదేసి మిల్లీమీటర్లకు ఒక ముక్క తీశారు. ముప్పున్న క్యాన్సర్లలో మామూలు బయాప్సీ పట్టుకున్నది 48 శాతమే. ఎమ్మారై 93 శాతం పట్టుకుంది. మరుసటి ఏడాది 11 దేశాల్లో 500 మందితో చేసిన ‘ప్రెసిషన్‌’ అధ్యయనం దీన్ని బలపరిచింది. ముందు స్కాన్‌ తీసినవాళ్లలో నూటికి 28 మందికి సూదితో పనే పడలేదు. మిగిలినవాళ్లకు అనుమానం ఉన్నచోటే గుచ్చితే ముప్పున్నవి ఎక్కువగానూ, ముప్పులేనివి తక్కువగానూ బయటపడ్డాయి.

సూది తప్పడం మనకు ఇంకా పెద్ద విషయం. మలద్వారం గుండా చేసే బయాప్సీలో అక్కడి బ్యాక్టీరియా రక్తంలోకి చేరే ప్రమాదం ఉంది. మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగని ఈ-కొలి మన దేశంలో విపరీతం. పరీక్షకని వెళ్లి చలిజ్వరంతో ఐసీయూలో పడే పరిస్థితి ఒక్కరికి తప్పినా తప్పినట్టే.

తెరమీద నల్లమచ్చ

మరి ఎమ్మారై ఏం చూస్తుంది? రేడియాలజిస్టు తెరమీద ముందుగా వచ్చేది గ్రంథి నిర్మాణాన్ని చూపే చిత్రం. ఆరోగ్యంగా ఉంటే గ్రంథి వెలుపలి భాగం నీటితో నిండి తెల్లగా మెరుస్తుంది. అందులో నల్లటి మచ్చ కనిపిస్తే అనుమానం. కానీ పాత ఇన్ఫెక్షన్‌ మిగిల్చిన మచ్చ, ఇంతకుముందు చేసిన బయాప్సీలో కారిన రక్తం కూడా నల్లగానే ఉంటాయి. అందుకని రెండో చిత్రం చూస్తారు. శరీరంలో నీటి అణువులు ఎప్పుడూ అటూఇటూ కదులుతుంటాయి. క్యాన్సర్‌ కణాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని కిక్కిరిసిపోతాయి కాబట్టి అక్కడ నీటికి కదిలే చోటుండదు. ఆ కదలికను కొలిచి గీసిన పటంలో కదలిక లేనిచోటు చీకటిగా కనిపిస్తుంది. మూడోది, రక్తనాళంలోకి మందు ఎక్కించి అది గ్రంథిలో ఎంత వేగంగా చేరుతుందో చూసే చిత్రం. ఈ మూడింటినీ కలిపి ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వేస్తారు. ఒకటంటే నిశ్చింతగా ఉండొచ్చు, అయిదంటే దాదాపు క్యాన్సరే. మూడు దగ్గరే వస్తుంది తంటా. ఒక డాక్టర్‌ మూడన్నది ఇంకో డాక్టర్‌ నాలుగంటారు. ఆ ఒక్క అంకె తేడాతో ఒకాయన ఇంటికెళతారు, ఇంకొకాయన బయాప్సీ బల్ల ఎక్కుతారు.

యంత్రం పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. స్కాన్‌ అంటే దానికి అంకెల దొంతర. ప్రతి బిందువుకూ ఒక అంకె. శిక్షణలో వేల స్కాన్లతో పాటు జవాబులూ ఇస్తారు: ఇదిగో ఇక్కడ క్యాన్సర్‌ తేలింది, ఇతనికి ఏమీ లేదు అని. మొదట్లో యంత్రం చెప్పేదంతా తప్పే. ప్రతి తప్పుకూ తన లోపలి లెక్కలను రవ్వంత సరిదిద్దుకుంటుంది. అలా లక్షల సవరణల తర్వాత ఏ నలుపు దేనికి గుర్తో దానికి పట్టుబడుతుంది. వైద్యచిత్రాల్లో ఏ భాగం ఎక్కడుందో గీతగీసి చూపించే పనికి 2015లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌ విశ్వవిద్యాలయంలో పుట్టిన ‘యూ-నెట్‌’ అనే నమూనా నేటికీ చాలా ప్రోగ్రాములకు పునాది.

ఇందులో అసలు కష్టం జవాబులు పోగుచేయడమే. డాక్టర్‌ ‘అనుమానం’ అని రాసినదాన్నే జవాబుగా ఇస్తే యంత్రం డాక్టర్‌ పొరపాట్లనూ నేర్చుకుంటుంది. అందుకే నెదర్లాండ్స్‌ బృందం బయాప్సీలో, ఆపరేషన్‌లో తేలినదాన్నే ఉందనడానికి ప్రమాణంగా తీసుకుంది. లేదని రాసుకోవడానికి కనీసం మూడేళ్లు ఆ మనిషి బాగున్నాడో లేదో చూసింది. యంత్రానికి నేర్పడానికీ పరీక్ష పెట్టడానికీ కలిపి 9,129 మందికి తీసిన 10,207 స్కాన్లు వాడారు. ఈ ఓపికే ఆ అధ్యయనానికి బలమని నాకనిపిస్తుంది.

గాజు పలకల మీద రెండో పరీక్ష

బయాప్సీ ముక్క పాథాలజిస్టు మైక్రోస్కోప్‌ కిందికి చేరాక మరో తీర్పు మిగిలే ఉంటుంది. అమెరికాలోని మినియాపోలిస్‌కు చెందిన డొనాల్డ్‌ గ్లీసన్‌ 1966లో తెచ్చిన పద్ధతిలో కణాల అమరిక చూసి మార్కులు వేస్తారు. మార్కు పెరిగేకొద్దీ జబ్బు మొండిది. ఇక్కడా ఇద్దరు నిపుణులు ఒకేమాట చెప్పని సందర్భాలు ఎన్నో. 10,616 బయాప్సీల చిత్రాలను ముందుంచి, మార్కులు వేసే ప్రోగ్రాములు రాయమని పోటీ పెడితే 65 దేశాల నుంచి 1,290 మంది దిగారు. 2022లో వచ్చిన ఆ ఫలితాల్లో మేలైన ప్రోగ్రాములు నిపుణుల స్థాయిని అందుకున్నాయి. అంతకుముందే, 2021 సెప్టెంబరులో ‘పేజ్‌ ప్రోస్టేట్‌’ అనే సాఫ్ట్‌వేర్‌కు అమెరికా అనుమతి దక్కింది. పాథాలజీలో ఏఐకి దొరికిన మొదటి ఆమోదం అదే. అది పాథాలజిస్టు స్థానంలో కూర్చోదు. ‘ఇక్కడ ఇంకోసారి చూడండి’ అని వేలు పెట్టి చూపిస్తుంది.

ఇంకో ప్రయోగం నన్ను బాగా ఆకట్టుకుంది. రేడియేషన్‌తో పాటు హార్మోన్‌ చికిత్స కూడా ఇవ్వాలా వద్దా అన్నది పెద్ద ప్రశ్న. హార్మోన్‌ చికిత్సలో ఒళ్లంతా వేడి ఆవిర్లు, నీరసం, ఎముకలు గుల్లబారడం మామూలే. ఒక పాత అధ్యయనంలోని 1,594 మంది బయాప్సీ చిత్రాలను ఏఐతో చదివిస్తే, దాదాపు మూడింట రెండొంతుల మందికి ఆ చికిత్స కలపడం వల్ల చెప్పుకోదగ్గ ఉపయోగం కనిపించలేదని 2023లో వెల్లడించారు. ఇవ్వక్కర్లేని మందు ఎవరికో చెప్పగలగడం, కొత్త మందు కనిపెట్టినంత మేలు.

మన స్కాన్లు చూడని యంత్రం

ఇన్ని మంచిమాటలు చెప్పాక ఇంకో సగం చెప్పకపోతే తప్పవుతుంది. పై-కాయ్‌లోనే ఇంకో పోలిక ఉంది. ఒంటరిగా స్కాన్‌ చూసిన డాక్టర్లను మించిన యంత్రం, రోగి చరిత్ర, పాత స్కాన్లు, తోటి వైద్యుల సలహా అన్నీ చేతిలో ఉన్న ఆస్పత్రి బృందాన్ని మాత్రం మించలేదు. ముప్పున్న క్యాన్సర్లను ఇద్దరూ సమానంగా పట్టినా, లేనివాళ్లను లేరని చెప్పడంలో యంత్రం వెంట్రుకవాసి వెనకబడింది. మనిషికి ఎదురుగా కూర్చుని నాలుగు ప్రశ్నలు అడిగే డాక్టర్‌ విలువ అక్కడ తేలింది.

ఇంకా పెద్ద సమస్య, ఆ యంత్రం చూసిందంతా నెదర్లాండ్స్‌, నార్వే ఆస్పత్రుల స్కాన్లు. మన దగ్గర క్షయ ఎక్కువ. క్షయ ప్రోస్టేట్‌కు సోకినా, మూత్రాశయ క్యాన్సర్‌కు బీసీజీ మందు ఎక్కించినా గ్రంథిలో కణుపులు కడతాయి. ఎమ్మారైలో అవి అచ్చంగా క్యాన్సర్‌లాగే నల్లగా, నీటి కదలిక లేకుండా కనిపిస్తాయి. అనుభవమున్న మన రేడియాలజిస్టు ‘ఈయనకు గతంలో టీబీ ఉందా?’ అని ఆరా తీస్తారు. క్షయ కేసులు అరుదైనచోట నేర్చుకున్న ప్రోగ్రాంకు ఆ ఆలోచనే రాదు. స్కానర్‌ కంపెనీ మారినా, అయస్కాంతం శక్తి మారినా యంత్రం తడబడే అవకాశం ఉంది. కాబట్టి విదేశంలో వచ్చిన 91 మార్కులు హైదరాబాద్‌లోనో విశాఖలోనో అలాగే వస్తాయని ఎవరైనా అమ్మకానికి పెడితే నమ్మకూడదు. ముందు మన స్కాన్లతో పరీక్షించి చూపించమని అడగాలి.

ఆ స్కాన్లేవి మరి? మన ఇళ్లలో బీరువా మీద పెద్ద కవర్లలో ఫిల్ములుంటాయి. గోడకున్న లైటు పెట్టెలో పెట్టి చూడటానికి అవి బాగానే పనికొస్తాయిగానీ, ఎంపికచేసిన కొన్ని బొమ్మలే వాటిలో ముద్రిస్తారు. యంత్రానికి కావాల్సిన అంకెలన్నీ ఉండేది డిజిటల్‌ ఫైల్లో. దాన్ని సీడీలో ఇస్తే మనం పారేస్తాం, ఇవ్వకపోతే అడగం. ముంబైలోని టాటా మెమోరియల్‌ ఆస్పత్రి దేశంలోని మరికొన్ని సంస్థలతో కలిసి క్యాన్సర్‌ చిత్రాల భాండాగారాన్ని కూడబెడుతోంది. మొదలుపెట్టింది తల, మెడ, ఊపిరితిత్తుల క్యాన్సర్లతో. ప్రోస్టేట్‌కూ అలాంటి ప్రయత్నం జరగాలి. తెలుగు రాష్ట్రాల్లోని క్యాన్సర్‌ ఆస్పత్రులు, యూరాలజీ కేంద్రాలు స్కాన్‌నూ బయాప్సీ ఫలితాన్నీ జతచేసి, పేర్లు తీసేసి, అనుమతితో ఒకచోట చేరిస్తే ఆ పని ఇక్కడి నుంచే మొదలవుతుంది.

మంచి కబురు కూడా ఒకటుంది. మందు ఎక్కించి తీసే మూడో చిత్రం లేకుండా, మొదటి రెండింటితోనే స్కాన్‌ చదివినా ముప్పున్న క్యాన్సర్లు దాదాపు అంతే బయటపడుతున్నాయని 12 దేశాల్లో జరిగిన ‘ప్రైమ్‌’ అధ్యయనం 2025లో తేల్చింది. మందు ఖర్చు ఉండదు, నరంలో సూది ఉండదు, స్కాన్‌ సమయమూ బాగా తగ్గుతుంది. ఎమ్మారై ఉండి, ప్రోస్టేట్‌ స్కాన్‌ చదివే నిపుణులు లేని జిల్లా కేంద్రాలకు ఈ చిన్న స్కాన్‌, నమ్మకంగా పరీక్షించిన ప్రోగ్రాం, దూరం నుంచి చూసే ఒక రేడియాలజిస్టు కలిస్తే చాలామందికి పట్నం ప్రయాణం తప్పుతుంది. ప్రభుత్వాలు పెట్టుబడి పెట్టాల్సింది ఇక్కడే.

ఈలోగా మీరు చేయాల్సింది

యాభై దాటినవాళ్లు, తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు వచ్చి ఉంటే 45 దాటినవాళ్లు, పీఎస్‌ఏ గురించి డాక్టర్‌తో ఒకసారి మాట్లాడండి. ఏ ఇబ్బందీ, కుటుంబ చరిత్రా లేని ముప్పయ్యేళ్ల కుర్రాడికి హెల్త్‌ చెకప్‌ ప్యాకేజీలో ఈ పరీక్ష కలపడం వల్ల ఒరిగేదేమీ లేదు. అంకె ఎక్కువొచ్చిందని కంగారుపడి వెంటనే బయాప్సీకి ఒప్పుకోవద్దు. ఇన్ఫెక్షన్‌ ఉంటే తగ్గాక ఇంకోసారి పరీక్ష చేయమనండి. ‘సూదికి ముందు ఎమ్మారై చేయిస్తారా?’ అని అడగండి. క్షయ వచ్చి తగ్గినా, గ్రంథి మాత్రలు వాడుతున్నా దాచకుండా చెప్పండి. ముప్పు తక్కువన్న క్యాన్సర్‌ తేలితే ‘ఆపరేషన్‌ లేకుండా కనిపెట్టుకుని ఉండొచ్చా?’ అన్న ప్రశ్న అడిగే హక్కు మీకుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు, నాన్నతో ఫోన్లో మాట్లాడేటప్పుడు బీపీ, షుగర్‌తో పాటు ఇదీ అడగండి. స్కాన్‌ సెంటర్‌ నుంచి బయటికొచ్చే ముందు ఫిల్ముల కవరుతో సరిపెట్టుకోకుండా డిజిటల్‌ కాపీ ఇప్పించమనండి, దాచుకోండి. పేరూ ఊరూ తీసేసి పరిశోధనకు వాడుకుంటామని ఆస్పత్రి అనుమతి అడిగితే, వివరాలు చదివి, సంతకం పెట్టండి.